దగ్గర దగ్గరగా లేచే నిటారు అలల్లో మోటారు బోటు నడపడం ఎలా

వాతావరణ సూచనలో అల ఎత్తు చూసి, "1.2 మీటర్లే కదా" అని బయలుదేరేవాళ్లే ఎక్కువ. ఆ అంకె పక్కనే ఇంకో అంకె ఉంటుంది, ఒక అల తర్వాత ఇంకో అల ఎన్ని సెకన్లకు వస్తుందో చెప్పేది. దాని మీదికి చాలామంది చూపు పోదు. 1.2 మీటర్ల అల 10 సెకన్లకొకటి వస్తుంటే బోటు ఉయ్యాల ఊగినట్టు ఊగుతుంది, కబుర్లు చెప్పుకుంటూ వెళ్లిపోవచ్చు. అంతే ఎత్తు అల 3, 4 సెకన్లకొకటి వస్తే పళ్లు టకటకలాడతాయి, నడుం పట్టేస్తుంది, ఏమరుపాటుగా ఉంటే వెనక నుంచి నీళ్లు కూడా లోపలికి వచ్చేస్తాయి.

ఇక్కడ రాసేది 5 నుంచి 9 మీటర్ల పొడవున్న మోటారు బోట్లు నడిపేవాళ్ల కోసం. పెద్ద ఓడలు ఈ అలల్ని అసలు లెక్కచెయ్యవు, వాటి కథ వేరు.

అలల మధ్య ఎడం చూడండి

లోతైన నీటిలో ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి ఎంత దూరమో కట్టడానికి చిన్న లెక్క ఉంది. సెకన్లని సెకన్లతోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని 1.56తో హెచ్చవేస్తే మీటర్లు వస్తాయి. 10 సెకన్ల అలకి 156 మీటర్లు. 4 సెకన్ల అలకి 25 మీటర్లే. 3 సెకన్లదైతే 14. మీ బోటు 7 మీటర్లదనుకోండి, ఆ 14 మీటర్ల అలలో బోటు వెనక భాగం శిఖరం మీద ఉంటే ముక్కు గుంటలో ఉంటుంది, ఎదురుగా ఇంకో గోడ లేస్తూ ఉంటుంది. తేరుకోవడానికి చోటే లేదు.

నేను మాత్రం ఇంకాస్త మోటు లెక్క వాడతాను. ఎత్తుని అడుగుల్లో, ఎడాన్ని సెకన్లలో పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండూ సమానమైతే, అంటే 4 అడుగులు 4 సెకన్లు అని ఉంటే, చిన్న బోటు తియ్యను. సెకన్లు ఎత్తుకి రెట్టింపు ఉంటే అప్పుడు ఆలోచిస్తాను. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. సూచనలో చెప్పే ఎత్తు అన్నిటికన్నా పెద్ద అల ఎత్తు కాదు, అలల్లో పెద్దవైన మూడో వంతుకి సగటు. గంటలకొద్దీ నీటి మీద ఉంటే దానికి దాదాపు రెట్టింపు ఎత్తున్న అల ఒక్కటైనా ఎదురవుతుందనే అనుకోవాలి.

ఇలాంటి అలలు ఎక్కడ పుడతాయో తెలిస్తే సగం తప్పించుకోవచ్చు. లోతు తక్కువున్న పెద్ద సరస్సులు ఒకటి. ఉత్తర అమెరికాలోని ఈరీ సరస్సు అంత పెద్దదైనా సగటు లోతు 19 మీటర్లే, అందుకే గాలి లేచిన కాసేపటికే అక్కడ అలలు నిటారుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ లేస్తాయి. రెండోది ప్రవాహానికి ఎదురుగా గాలి వీచే చోటు. గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం అమెరికాలోని ఫ్లోరిడా తీరం వెంట ఉత్తరానికి పారుతుంది. ఉత్తరం నుంచి గాలి వీచిన రోజు అక్కడ చిన్న బోట్లవాళ్లు దాటే ప్రయత్నం మానుకుంటారు. ఎదురు ప్రవాహం అల పొడవుని కుదించేస్తుంది, ఎత్తుని పెంచేస్తుంది. ఎత్తు పొడవులో ఏడో వంతుకి చేరేసరికి అల ఇక నిలబడలేక విరిగిపడుతుంది. లోతు తక్కువున్న చోటైతే 1 మీటరు అల సుమారు 1.3 మీటర్ల లోతుకి వచ్చేసరికి విరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. 4 సెకన్ల అల దాదాపు 12 నాట్ల (గంటకి 22 కిలోమీటర్ల) వేగంతో పరిగెడుతుంది. మీరు దానికి ఎదురుగా 12 నాట్లతో వెళ్తే ప్రతి 2 సెకన్లకి ఒక దెబ్బ. 6 నాట్లకి తగ్గిస్తే 2.7 సెకన్లకి ఒకటి. వెనక్కి తిరిగి దానితో పాటే 12 నాట్లతో వెళ్తే ఆ అల మిమ్మల్ని దాటనే దాటదు. సముద్రం అదే, అల అదే. దాని ఎత్తు మార్చడం మన వల్ల కాదు కానీ, అది మనల్ని ఎంతసేపటికోసారి కొట్టాలన్నది థ్రాటిల్ (ఇంజిన్ జోరు పెంచి తగ్గించే మీట), స్టీరింగ్ తేలుస్తాయి. కింద చెప్పేదంతా ఆ రెండింటి గురించే.

రేవులో ఉండగానే చెయ్యాల్సినవి

లైఫ్ జాకెట్లు అందరూ తొడుక్కునే బయలుదేరాలి. అలలు మొదలయ్యాక రెండు చేతులూ పట్టుకోవడానికే సరిపోవు, ఇంక బకిల్స్ ఎక్కడ పెట్టుకుంటారు? కిల్ స్విచ్ తాడు, అంటే ఊడగానే ఇంజిన్ ఆపేసే తాడు, నడిపేవాళ్ల ఒంటికి తగిలించి ఉండాలి. అమెరికాలో 26 అడుగుల లోపు బోట్లలో చాలావాటికి 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది చట్టప్రకారం తప్పనిసరి. మీరున్న చోట చట్టం అడగకపోయినా తగిలించుకోండి. ఒక్క కుదుపుకి మీరు నీళ్లలో పడితే, ఎవరూ లేని బోటు గుండ్రంగా తిరిగి మీ మీదికే వస్తుంది.

లంగరు, బ్యాటరీ, డబ్బాలు, చేతిసంచులు అన్నీ కట్టెయ్యండి. బరువంతా కిందికి, మధ్యలోకి చేరాలి. బోటు అడుగున నీళ్లుంటే తోడేయండి. లోపల పోగైన నీళ్లు బోటు వాలినవైపే పరిగెత్తి ఇంకా వాలుస్తాయి. ఆ అడుగు నీళ్లు తోడే బిల్జ్ పంపు ఆన్ చేసి, నీళ్లు బయట పడుతున్నాయో లేదో కళ్లతో చూడండి. మోటారు చప్పుడు వినబడినంత మాత్రాన పంపు తోడుతున్నట్టు కాదు.

ఇంధనానికి మూడో వంతు పద్ధతి పాటించండి: పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, మిగతాది ముట్టుకోకూడదు. అలల్లో ఖర్చు మామూలుకన్నా బాగా ఎక్కువ. ఇక్కడే నాకు జరిగింది ఒకటి చెప్పాలి. ప్రశాంతమైన నీటిలో రెండేళ్లు చుక్క ఇబ్బంది పెట్టని ఇంజిన్, గట్టి అలల్లో అరగంట తిరిగేసరికి దగ్గడం మొదలుపెట్టింది. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి అంతా ఆ కుదుపులకి లేచి ఫిల్టర్‌కి అడ్డుపడింది. స్పేర్ ఫిల్టర్ ఉంది, కానీ సీటు కింద లంగరు తాడు చుట్టల అడుగున ఉంది. అది తీసేలోపు బోటు అలలకి అడ్డంగా తిరిగిపోయింది. అప్పటినుంచి ఫిల్టర్, దాన్ని విప్పే పానా రెండూ స్టీరింగ్ పక్కనే ఉంటాయి.

ఎదురు అలల్లోకి వెళ్లేటప్పుడు

ముందు ట్రిమ్, అంటే బోటు ముక్కు ఎంత లేవాలో సరిచేసే సంగతి. అవుట్‌బోర్డ్ ఇంజిన్‌ని (బోటు వెనక బయట బిగించేది) పూర్తిగా లోపలికి, బోటు వైపుకి వంచండి, ట్రిమ్ ట్యాబ్‌లు (వెనక అంచు కింద దించి ఎత్తే రేకులు) ఉంటే కొద్దిగా దించండి. ముక్కు కిందికి దిగుతుంది. బోటు అడుగున ముందు భాగమే బాగా కోసుగా ఉంటుంది, అది నీటిని కోస్తుంది. ముక్కు పైకెత్తుకుని వెళ్తే వెనకున్న చదునైన పొట్ట అలకి తగులుతుంది, ఆ చప్పుడుకి గుండె జారుతుంది. వెనక అంచు దగ్గర 20 నుంచి 24 డిగ్రీల వాలున్న లోతైన వీ ఆకారపు బోట్లు ఈ దెబ్బని బాగా మింగుతాయి. చదును అడుగు బోట్లు మీకే తిరిగిచ్చేస్తాయి. అలాగని ముక్కు మరీ దించకండి, అలలో పొడుచుకుపోతుంది.

వేగం విషయంలో రెండే రెండు పనికొస్తాయి. ఒకటి, ప్లేనింగ్‌లో, అంటే బోటు నీటి పైకి లేచి జారుతూ, నిలబడగలిగే అతి తక్కువ వేగం. రెండు, బోటు నీటిని తోసుకుంటూ మెల్లగా నడిచే వేగం. దీనికీ లెక్కుంది: నీటి మట్టం దగ్గర బోటు పొడవుని అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చవేస్తే నాట్లు వస్తాయి. 20 అడుగుల బోటుకి సుమారు 6 నాట్లు. ఈ రెండింటి మధ్య వేగం అన్నివిధాలా దండగ. ముక్కు ఆకాశం వైపు లేస్తుంది, ఎదురుగా ఏముందో కనబడదు, ఇంధనం మాత్రం తాగేస్తుంది. అలలు చిన్నవైతే మొదటిది ప్రయత్నించండి. నా అనుభవంలో 3, 4 సెకన్ల ఎడంతో అల మీటరు దాటితే ఇక మెల్లగా వెళ్లడమే. మెల్లగా వెళ్లడం నామోషీ అనుకునేవాళ్ల బోట్లు ఎప్పుడు చూసినా రిపేరు షెడ్డులోనే ఉంటాయి.

ఇప్పుడు ఒక్క అలని దగ్గర నుంచి చూద్దాం. మీరు గుంటలో ఉన్నారు. ఎదురుగా అల లేస్తోంది. థ్రాటిల్ కొంచెం ముందుకి ఇవ్వండి, ముక్కు లేస్తుంది. సగం ఎక్కగానే తగ్గించండి, బోటు తనకున్న ఊపు మీదే శిఖరం దాటాలి. దాటేటప్పుడు ప్రొపెల్లర్ నీళ్లలోనే ఉండాలి. ఇంజిన్ ఒక్కసారిగా కీచుమని అరిచిందంటే మీరు ఆలస్యంగా తగ్గించారు, బోటు గాల్లోకి లేచింది. ముక్కు అవతలికి వాలుతుండగా మళ్లీ కొద్దిగా ఇవ్వండి, లేకపోతే కింద గుంటలో గుచ్చుకుంటుంది. ఇదంతా మూడు సెకన్లలోపు అయిపోతుంది, వెంటనే ఇంకోటి మొదలు. మొదటి పది నిమిషాలు చెయ్యి తడబడుతుంది, ఆ తర్వాత ఆ లయ దానంతట అదే పట్టుబడుతుంది. ఒక చెయ్యి థ్రాటిల్ మీంచి ఎప్పుడూ తియ్యొద్దు.

థ్రాటిల్ ఒక్కసారిగా సున్నాకి లాగడం మాత్రం అస్సలు వద్దు. అవుట్‌బోర్డ్ బోటుకి స్టీరింగ్ బలమంతా ప్రొపెల్లర్ తోసే నీళ్లలోనే ఉంది. తోపు లేకపోతే చక్రం ఎంత తిప్పినా బోటు వినదు. పైగా మీ బోటు వెనక లేచిన అలే వచ్చి వెనక అంచు మీద పడుతుంది.

నేరుగా ఎదురెళ్లడం భరించలేకపోతే 30 నుంచి 45 డిగ్రీలు పక్కకి తిప్పి, కాసేపు ఎడమకి, కాసేపు కుడికి వంకరటింకరగా వెళ్లండి. 40 డిగ్రీలు తిప్పితే మీరు వెళ్లే దిశలో 25 మీటర్ల అల 33 మీటర్లంత పొడవవుతుంది. దారి మూడు పదుల శాతం పెరుగుతుంది, 10 మైళ్లు 13 అవుతాయి. అయినా ఒళ్లు హూనం కాకుండా చేరతారు. పెద్ద అల వస్తే దానికొక్కదానికి ముక్కు ఎదురుగా తిప్పి, దాటాక మళ్లీ మీ దారి పట్టండి.

మనుషులు ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయం కాదు. కుదుపు ముక్కు దగ్గరే ఎక్కువ, వెనక తక్కువ. ఒకసారి మా స్నేహితుడు గాలి బాగుంటుందని ముందు మెత్త మీద కూర్చున్నాడు, నేను లేవమనలేదు. ఒక అలకి తగ్గించడం ఆలస్యం చేశాను. బోటు కిందికి పోయింది, అతను గాల్లోనే ఉన్నాడు. బోటు పైకి లేచే సమయానికి అతను కిందికి పడ్డాడు. మూడు వారాలు వంగలేకపోయాడు, అదృష్టం కొద్దీ ఎముక విరగలేదు. ఇలాంటి పాటుకి వెన్నుపూసలు నలిగిపోయే ప్రమాదం ఉంది. అందరినీ వెనక్కి పంపండి. నిలబడేవాళ్లు మోకాళ్లు కొంచెం వంచి, గట్టిదేదైనా పట్టుకుని నిలబడాలి.

అలలు వెనక నుంచి వస్తుంటే

తిరుగు ప్రయాణంలో అలలు వెనక్కి పడగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కుదుపు తగ్గుతుంది, ముఖాన నీళ్లు కొట్టవు. నాకు టెన్షన్ మొదలయ్యేది అప్పుడే.

అల వెనక భాగాన్ని ఎత్తి తోస్తుంది. బోటు అల ముఖం మీంచి జారి, ముక్కు ముందున్న గుంటలో దిగబడుతుంది. దిగబడిన ముక్కు నేలలో పాతిన గుంజలా ఆగిపోతుంది, వెనక భాగం దాని చుట్టూ తిరిగిపోతుంది. ఒక్క క్షణంలో బోటు అలలకి అడ్డంగా ఉంటుంది, తర్వాతి అల దాన్ని దొర్లించేస్తుంది. దీన్నే బ్రోచింగ్ అంటారు.

అందుకే ట్రిమ్ మొత్తం తిరగెయ్యాలి. ట్యాబ్‌లు పూర్తిగా పైకి, ఇంజిన్ కొంచెం బయటికి, బరువు వెనక్కి. ఎదురెళ్లేటప్పుడు దించిన ట్యాబ్‌లని తిరుగు ప్రయాణంలో ఎత్తడం మర్చిపోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. స్టీరింగ్ అటూ ఇటూ లాగేస్తున్నట్టు అనిపిస్తే ముందు ట్యాబ్‌లు చూసుకోండి.

తర్వాత, ముందు వెళ్తున్న అల వీపు మీద చోటు చూసుకుని అక్కడే ఉండండి. దాని శిఖరం మీ ముక్కుకి ముందు ఉండాలి, దాన్ని దాటకూడదు. అల వేగంతో థ్రాటిల్ కలపండి. మీ బోటు ఆ వేగంలో నిలకడగా ఉండకపోతే ఒకటి రెండు నాట్లు ఎక్కువతో, కాస్త ఏటవాలుగా, ఒక్కో శిఖరాన్నీ మెల్లగా దాటండి. పైకి వచ్చాక తగ్గించి, అవతల ఏముందో చూశాకే దిగండి.

మీ బోటు అలకన్నా నెమ్మది అయితే అలలే మిమ్మల్ని దాటుకుంటూ పోతాయి. అప్పుడు వెనక భాగాన్ని అలకి సరిగ్గా ఎదురుగా పెట్టాలి. వెనక లేస్తుండగా చిన్న థ్రాటిల్ విసురు ఇస్తే స్టీరింగ్ పట్టు దొరుకుతుంది. అల ముఖం మీద జారుతున్నప్పుడు మాత్రం ఎక్కువ ఇవ్వకండి. తోడుగా ఒకరుంటే వెనక్కి తిరిగి కూర్చోబెట్టి, పెద్ద అల వస్తే అరవమనండి.

పక్క నుంచి వచ్చే అల

దీని గురించి చెప్పాల్సింది తక్కువ: వీలైనంత తప్పించుకోండి. దారి అటే ఉంటే, అలకి ఏటవాలుగా కొంతదూరం ఎదురెళ్లి, ఆ తర్వాత ఏటవాలుగా దిగండి. విరిగే అల పక్క నుంచి వస్తుంటే వెంటనే ముక్కు దాని వైపు తిప్పండి.

వెనక్కి తిరగాల్సి వస్తే

అలలు అన్నీ ఒకేలా రావు. నాలుగైదు పెద్దవి వచ్చాక కాసేపు తెరిపి ఇస్తుంది. దానికోసమే కాచుకోవాలి, తొందర పడకూడదు.

1. ముక్కు అలలకి ఎదురుగా ఉంచి, మెల్లగా నడుపుతూ అలలు లెక్కపెట్టండి. ఎక్కడ తెరిపి వస్తోందో రెండు మూడు సార్లు గమనించండి.

2. అందరికీ "తిప్పుతున్నా, పట్టుకోండి" అని చెప్పండి.

3. పెద్ద వరసలో చివరి అల శిఖరం దాటగానే, దాని వీపు మీదే చక్రం పూర్తిగా తిప్పండి.

4. చక్రం తిరిగాకే గట్టిగా థ్రాటిల్ ఇవ్వండి. ముందే ఇస్తే బోటు తిరగదు, ముందుకే దూకుతుంది.

5. గుంటలో అడ్డంగా ఉండే సమయం ఒకటి రెండు సెకన్లకి మించకూడదు. తర్వాతి అల వచ్చేసరికి తిరగడం పూర్తవ్వాలి. సగంలో మనసు మార్చుకోవద్దు.

6. తిరగ్గానే ట్యాబ్‌లు ఎత్తండి.

మొగలోంచి లోపలికి రావడం

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆటు సమయంలో నీళ్లు బయటికి పారుతుంటాయి, అలలు లోపలికి వస్తుంటాయి. ఆ రెండూ ఢీకొనే చోట అల ఒక్కసారిగా గోడలా లేస్తుంది. కొలంబియా నది మొగ ఇందుకే పేరుమోసింది. అమెరికా కోస్ట్ గార్డ్ తన లైఫ్ బోట్ల శిక్షణ బడిని అక్కడే పెట్టుకుంది.

సముద్రం వైపు నుంచి చూస్తే అలల వీపులే కనబడతాయి, అవి నున్నగా, చిన్నగా అనిపిస్తాయి. విరుగుతున్న ముఖం అవతలి వైపు ఉంటుంది. కాబట్టి బయటే ఆగి పది నిమిషాలు చూడండి. శిఖరాల మీంచి నురుగు ఎగురుతుంటే వెళ్లకండి. ఆటు అయిపోయి పోటు మొదలయ్యేదాకా బయటే మెల్లగా తిరుగుతూ ఉండడం చాలామందికి నచ్చదు, ఇంటికి అంత దగ్గరగా వచ్చి గంటలకొద్దీ ఆగడమేంటని విసుగు. అదే చాలావరకు క్షేమం. వెళ్లాలని తేల్చుకుంటే ఒక పెద్ద అల వీపు ఎక్కి, దాంతో పాటే లోపలికి పోండి, వెనక అలకి అందకుండా, ముందు శిఖరం దాటకుండా.

ఇంజిన్ ఆగిపోతే

చూస్తుండగానే బోటు అలలకి అడ్డం తిరుగుతుంది. రిపేరు తర్వాత, ముందు ముక్కుని అలల వైపు తిప్పాలి. లోతు అందితే లంగరు వెయ్యండి, ముక్కు దగ్గర్నుంచే. వెనక నుంచి వేస్తే అలలు వరసగా లోపలికి వచ్చి ముంచేస్తాయి. తాడు లోతుకి కనీసం ఏడు రెట్లు వదలండి. లోతు అందకపోతే సీ యాంకర్ (నీళ్లలో గొడుగులా తెరుచుకుని బోటుని పట్టి ఉంచేది) వెయ్యండి. అది లేకపోతే గట్టి బకెట్టునో, బరువైన తాడు చుట్టనో పొడవాటి తాడుకి కట్టి ముక్కు నుంచి వదలండి, సీ యాంకర్ అంత కాకపోయినా ముక్కుని కొంత పట్టి ఉంచుతుంది. అందరూ కింద, మధ్యలో కూర్చోవాలి.

సాయం అడగడానికి మునిగేదాకా ఆగొద్దు. వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో, ప్రాణాపాయం ఇంకా లేకపోతే "ప్యాన్ ప్యాన్" అని మూడుసార్లు, ప్రాణాపాయం ఉంటే "మేడే" అని మూడుసార్లు చెప్పి, బోటు పేరు, మీరున్న చోటు, ఎంతమంది ఉన్నారో చెప్పండి. చోటు ముందే చెప్పెయ్యండి, తర్వాత రేడియో పనిచేస్తుందన్న భరోసా లేదు.

ఒడ్డుకి చేరాక బోటుని అలా కట్టేసి వెళ్లిపోకండి. అంత కుదుపు తిన్నాక బ్యాటరీ బిగింపులు, ఇంజిన్ బోల్టులు, స్టీరింగ్ గొట్టాల జాయింట్లు వదులవుతాయి. ఒక్కొక్కటీ చేత్తో కదిపి చూడండి. అడుగున పోగైన నీళ్లు కొంచెం నాలుక మీద వేసుకోండి. సముద్రంలో తిరిగొచ్చి కూడా ఆ నీళ్లు చప్పగా ఉంటే మంచినీళ్ల ట్యాంకు చిట్లిందేమో చూడాలి. ఉప్పగా ఉంటే అవి పైనుంచి పడినవా, అడుగున పగులొచ్చి వచ్చినవా తేల్చుకోవడానికి, పూర్తిగా తోడేసి, పొడిగుడ్డతో తుడిచి, మర్నాడు పొద్దున్నే వచ్చి మళ్లీ చూడండి.